కొఠియా: ఒక ఊరు, రెండు రాష్ట్రాలు, ఒకే ఆధార్ నంబరు

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న కొండ ఊరి గురించి మాట్లాడుకుందాం. పేరు కొఠియా. ఒడిశా రికార్డు తీస్తే అది కోరాపుట్ జిల్లా, పొట్టంగి బ్లాకులో ఒక పంచాయతీ. మన రికార్డు తీస్తే పార్వతీపురం మన్యం జిల్లా, సాలూరు మండలం. రెండు రికార్డులూ ఒకే నేల గురించే. ఆ ఊరూ, చుట్టుపక్కల కొండల్లో ఉన్న పల్లెలూ కలిపి 21 గ్రామాలు. ఇవి మావంటే మావని రెండు రాష్ట్రాలు పట్టుబట్టి కూర్చుని యాభై ఏళ్ళు దాటిపోయింది.

న్యూస్‌లో కొఠియా పేరు ఎలక్షన్ టైమ్‌లో తప్ప పెద్దగా వినపడదు. వినపడినా "రెండు ఓట్లు వేసే ఊరు" అని ఒక వింతలా చూపించి వదిలేస్తారు. నాకు ఆ వింత కంటే అది ఎలా వచ్చింది, ఇకమీదట ఏమవుతుంది అన్నదే ముఖ్యం అనిపించింది. ఎందుకంటే ఇన్నాళ్ళూ కోర్టూ ముఖ్యమంత్రులూ తేల్చని విషయాన్ని ఇప్పుడు ఒక డేటాబేస్ తేల్చేసేలా ఉంది. దాని దగ్గరికి వస్తాను. ముందు మ్యాప్ చూద్దాం.

విజయనగరం నుంచి కోరాపుట్ వెళ్ళే నేషనల్ హైవే 26 పట్టుకోండి. గజపతినగరం, రామభద్రపురం దాటితే సాలూరు. ఇక్కడితో మైదానం అయిపోయింది. లారీలకి పేరున్న ఊరు ఇది. ఎందుకు లారీలు అంటే, ఎదురుగా ఉన్న ఘాట్ రోడ్డు వల్లే. కోస్తా సరుకు ఛత్తీస్‌గఢ్ వెళ్ళాలన్నా, అక్కడి సరుకు విశాఖ పోర్టుకి దిగాలన్నా ఈ కొండ ఎక్కి దిగాలి. ఆ ఘాట్ ఎక్కితే సుంకి, తర్వాత పొట్టంగి, సెమిలిగుడ, కోరాపుట్. హైవే మీద రాష్ట్రం ఎక్కడ మారిందో మీకు స్పష్టంగానే తెలుస్తుంది. బోర్డులుంటాయి, చెక్‌పోస్టులుంటాయి. గొడవ హైవే మీద కాదు. దానికి పక్కగా, కొండల లోపల ఉంది.

ఇవి తూర్పు కనుమలు. ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం దేవమాలి, 1,672 మీటర్లు, ఈ వరుసలోనే కోరాపుట్ వైపు ఉంటుంది. ఈ కొండలకి తూర్పున పడ్డ వాన వేగావతిలోకి, సువర్ణముఖిలోకి దిగి, అక్కణ్ణుంచి నాగావళిలో కలిసి శ్రీకాకుళం దగ్గర సముద్రం చేరుతుంది. పడమట పడ్డ వాన కొలాబ్‌లో పడి, అదే శబరి అయ్యి, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అంటే ఒకే మబ్బు, గాలి అటు తోసిందా ఇటు తోసిందా అన్నదాన్ని బట్టి నీళ్ళ దారి మారిపోతుంది.

ఇక్కడ మా నర్సీపట్నం వాళ్ళకి ఒక పోలిక చెప్తాను. మనం చింతపల్లి, ధారకొండ మీదుగా సీలేరు వెళ్తే అక్కడ కూడా ఒడిశా బోర్డరే. కానీ అక్కడ సరిహద్దు ఎక్కడా అని ఎవరూ కొట్టుకోరు. మధ్యలో ఏరు ఉంది. ఏటికి ఇవతల మనం, అవతల వాళ్ళు. నీళ్ళ పంపకం మీద, కరెంటు పంపకం మీద ఒప్పందాలు కావాల్సి వచ్చాయేమో గానీ గీత మీద పేచీ లేదు. కొఠియా దగ్గర అలాంటి ఏరు లేదు. కొండలూ, లోయలూ, పోడు చేలూ. అక్కడ గీత ఉండాల్సింది కాగితం మీద. ఆ కాగితమే సరిగ్గా లేదు.

ఎందుకు లేదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. బ్రిటిష్ వాళ్ళు 1839లో ఒక చట్టం చేశారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలకి మామూలు కోర్టులూ మామూలు చట్టాలూ వర్తించవు, కలెక్టరే గవర్నర్ ఏజెంటుగా అంతా చూసుకుంటాడు అని. మనం "ఏజెన్సీ" అంటాం చూడండి, ఆ మాట అక్కణ్ణుంచి వచ్చిందే. ఆ లెక్కన చింతపల్లి కొండలకీ, కొఠియా కొండలకీ, కోరాపుట్‌కీ అందరికీ ఒకే ఏజెంటు, విశాఖపట్నం కలెక్టరు. అప్పుడు ఈ ఊరు ఎటు అనే ప్రశ్నే లేదు. అంతా మద్రాసు ప్రెసిడెన్సీ.

కోరాపుట్ వైపు భూమి చాలావరకు జయపూర్ ఎస్టేట్‌ది. చాలా పెద్ద జమీందారీ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం ఏర్పడినప్పుడు, విశాఖపట్నం జిల్లా నుంచి ఏం తీసి ఒడిశాకి ఇవ్వాలో ఒక ఉత్తర్వులో రాశారు. జయపూర్ ఎస్టేట్ మొత్తం, దానితోపాటు ఆ ఎస్టేట్‌లో లేని పొట్టంగి తాలూకా భాగం కూడా. గమనించండి, ఇక్కడ అక్షాంశాలు లేవు, రేఖాంశాలు లేవు, ఫలానా కొండ శిఖరం నుంచి ఫలానా గెడ్డ వరకు అని లేదు. ఎస్టేట్ పేరూ తాలూకా పేరూ ఉన్నాయంతే. మరి ఒక కొండపల్లె జయపూర్ ఎస్టేట్‌దా, పొట్టంగి తాలూకాదా, సాలూరు తాలూకాదా అని అడిగితే? నేల మీదకెళ్ళి సర్వే చేసి రాళ్ళు పాతితే తెలుస్తుంది. ఈ పల్లెల్లో ఆ పని జరగలేదు. ఇవాళ్టి గొడవ మొత్తానికి మూలం ఇదే, జరగని ఒక సర్వే.

పక్కదారే గానీ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ జయపూర్ మహారాజా విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత. ఆ రోజుల్లో లక్ష అంటే ఆలోచించుకోండి. ఏయూలో సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. తెలుగూ ఒడియా రెండూ బాగా వచ్చినవాడు. ఆయన ఎస్టేట్ ఒడిశాకి వెళ్ళింది, ఆయన విరాళంతో తెలుగువాళ్ళ యూనివర్సిటీ నిలబడింది. ఈ ప్రాంతాన్ని భాషతో కోసి రెండు ముక్కలు చేయడం ఎంత కష్టమో ఆయన ఒక్కడిని చూస్తే చాలు.

సరే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. అప్పటిదాకా మద్రాసుతో ఉన్న సరిహద్దు ఇప్పుడు మనతో అయింది. ఇటు వైపు సాలూరు కూడా కుదురుగా లేదు పాపం. మొదట విశాఖపట్నం జిల్లా, 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం. ఊరు కదలకుండానే నాలుగు జిల్లాలు తిరిగింది. రికార్డులు ఎన్ని ఆఫీసులు మారి ఉంటాయో ఊహించండి.

1968లో ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఆ ఏడాది డిసెంబరు 2న కోర్టు, ఎక్కడివాళ్ళు అక్కడే, యథాతథ స్థితి అంది. ఆ తర్వాత ఎన్నేళ్ళు పట్టిందో తెలుసా? ముప్ఫై ఏడేళ్ళ పైచిలుకు. 2006 మార్చి 30న సాంకేతిక కారణాలతో దావా కొట్టేసింది. ఊరు ఎవరిదో చెప్పలేదు. సరైన వేదిక మీద తేల్చుకోండి, అప్పటిదాకా యథాతథ స్థితి అని వదిలేసింది. రాష్ట్రాల సరిహద్దు మార్చే అధికారం రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం పార్లమెంటుది. అక్కడికి ఇది ఇంతవరకూ చేరలేదు.

యథాతథ స్థితి అనే మాట వినడానికి చల్లగా ఉంటుంది. నేల మీద దాని అర్థం వేరు. ఉన్నది ఉన్నట్టు ఉంచాలి కదా, మరి ఉన్నదేమిటి? ఇద్దరూ "మేమే పాలిస్తున్నాం" అంటున్నారు. కాబట్టి ఇద్దరూ పాలిస్తూ పోయారు.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. ఇక్కడ ఎక్కువగా ఉండేది కోదులు. కోంధ్ అని ఇంగ్లీషు పుస్తకాల్లో ఉంటుంది. ఇంట్లో మాట్లాడే భాష కువి. కువి ద్రావిడ భాష, అంటే మన తెలుగుకి చుట్టం. ఒడియా అలా కాదు, అది హిందీ, బెంగాలీల కుటుంబం. చుట్టరికం చూసి "అయితే ఊరు మనదే" అనకండి. భాషా కుటుంబం లెక్క తీస్తే బలూచిస్థాన్‌లో బ్రాహుయి కూడా మన చుట్టమే. ఊరి పెద్దాళ్ళలో చాలామందికి మూడు భాషలూ నడుస్తాయి. ఇంట్లో కువి, ఆఫీసరుతో ఒడియా, సాలూరు బజారులో తెలుగు.

పంటలంటే చోళ్ళు, సామలు, కందులు, అల్లం, పసుపు. వరి లోయల్లో, నీళ్ళున్న చోట. చింతపండు, అడ్డాకులు లాంటివి అడవి నుంచి. అమ్మడానికి కొండ దిగి సాలూరు రావడం వీళ్ళకి కొత్త కాదు. ఏ రాష్ట్రం అని చూసి ఎవరూ అల్లం బస్తా భుజానికెత్తుకోరు. ఎటు రోడ్డు బాగుంటే, ఎటు రేటు వస్తే అటు.

మేము సాలూరులో జీపు మాట్లాడుకుని ఎక్కాం. డ్రైవరు అక్కడాయనే, యాభై దాటిన మనిషి. "బాబాయ్, ఒడిశా ఎక్కడ మొదలు?" అని అడిగాను. "ఏటో బాబూ, బోర్డు ఏ బాసలో ఉంటే ఆ రాష్ట్రం. బోర్డు పీకేస్తే ఏదీ కాదు" అన్నాడు. సరదాకి అన్న మాట కాదది. నిజంగానే ఈ కొండల్లో ఒకళ్ళు పెట్టిన బోర్డు ఇంకొకళ్ళు తీసేసిన సందర్భాలున్నాయి. పైన ఒక తాతని అడిగాను, రెండు కార్డులు ఎందుకు తాతా అని. "ఆలొచ్చి ఇచ్చినారు, తీసుకున్నాం. ఈలొచ్చి ఇచ్చినారు, తీసుకున్నాం. ఒద్దంటే ఊరుకుంటారా?" అన్నాడు.

ఆ చివరి మాట మీద ఒక్క నిమిషం ఆగుదాం. సిటీలో కూర్చుని మనం "రెండు చోట్లా లాభం పొందుతున్నారు" అంటాం. ఒక రాష్ట్రం ఇచ్చే కార్డు తీసుకోకపోతే, ఆ రాష్ట్రం దృష్టిలో నువ్వు అవతలి వాడివి. రేపు తీర్పు అటు వస్తే నీ గతి ఏంటి? నా లెక్కలో ఆ రెండో కార్డు లాభం కాదు, ఇన్సూరెన్స్.

లాభం అస్సలు లేదని కాదు. మన వైపు వృద్ధాప్య పెన్షన్ 2024 జులై నుంచి నెలకి 4,000. ఒడిశాలో మధుబాబు పెన్షన్ చాలామందికి 1,000, ఎనభై దాటినవాళ్ళకి 2025 నుంచి 3,500. ఒడిశా వైపు చూస్తే, 2024 సెప్టెంబరులో సుభద్ర పథకం పెట్టి మహిళలకి ఏడాదికి 10,000 ఇస్తున్నారు. వడ్లకి కూడా కేంద్రం మద్దతు ధర మీద బోనస్ కలిపి క్వింటాలుకి 3,100 అన్నారు. ఒక ముసలమ్మకి ఆంధ్రా మేలు, ఆమె కోడలికి ఒడిశా మేలు. ఒకే వంటగది.

రెండు ప్రభుత్వాలు పోటీ పడితే ఊరికి మంచిదే కదా అనొచ్చు. కొంత నిజం. రోడ్లు పడ్డాయి, స్కూళ్ళు వచ్చాయి. ఒడిశా అయితే 2018లో కొఠియా కోసం ప్రత్యేక ప్యాకేజీయే ప్రకటించింది. పోలీస్ స్టేషన్ కూడా పెట్టింది. కానీ ఆ పోటీ వరసగా రాదు. ఎలక్షన్ ముందు ఉధృతంగా వస్తుంది, తర్వాత ఆగిపోతుంది. గొడవ రేగినప్పుడు రోడ్డుకి అడ్డంగా బారికేడ్లు కూడా వస్తాయి.

2021 చూడండి. ఫిబ్రవరిలో మన పంచాయతీ ఎన్నికలు. ఆంధ్రా ఈ గ్రామాల్లో మూడింటికి నోటిఫికేషన్ ఇచ్చింది. ఒడిశా దాన్ని కోర్టు ధిక్కారం అంటూ విజయనగరం కలెక్టరు మీద సుప్రీంకోర్టుకి వెళ్ళింది. మా ఊళ్ళ పేర్లు మార్చి ఎన్నికలు పెడుతున్నారు అన్నది వాళ్ళ ఆరోపణ. ఒడిశా రికార్డులో గంజెయిపదర్, మన రికార్డులో గంజాయిభద్ర. అక్కడ ఫటుసెనేరి, ఇక్కడ పట్టుచెన్నూరు. అక్కడ ఫగునసెనేరి, ఇక్కడ పగులుచెన్నూరు. కోడ్ రాసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒకే వస్తువుకి రెండు వేరియబుల్ పేర్లు, రెండు సర్వర్లలో. ఎవరి సర్వర్‌లో వాళ్ళకి ఎర్రర్ రాదు.

అదే ఏడాది నవంబరు 9న జగన్మోహన్ రెడ్డి భువనేశ్వర్ వెళ్ళి నవీన్ పట్నాయక్‌ని కలిశారు. కొఠియా, వంశధార మీద నేరడి బ్యారేజీ, ఝంఝావతి, పోలవరం ముంపు, అన్నీ కలిపి చూడ్డానికి ఇద్దరు ప్రధాన కార్యదర్శులతో కమిటీ అన్నారు. తర్వాత 2024లో రెండు చోట్లా ప్రభుత్వాలు మారాయి. ఊరు మాత్రం అలాగే ఉంది.

ఓటు సంగతి. ఇక్కడ మనిషి ఇటు సాలూరు అసెంబ్లీ, అరకు లోక్‌సభ. అటు పొట్టంగి అసెంబ్లీ, కోరాపుట్ లోక్‌సభ. 2014లో కోరాపుట్ పోలింగ్ ఏప్రిల్ 10న, మనది మే 7న. మధ్యలో నెల టైముంది. 2019లో రెండూ ఏప్రిల్ 11. 2024లో రెండూ మే 13. ఒకే రోజు రెండు రాష్ట్రాల ప్రచారం, రెండు రాష్ట్రాల సిబ్బంది. రెండు అసెంబ్లీ సీట్లూ ఎస్టీ రిజర్వుడే కాబట్టి అభ్యర్థి ఎవరైనా గిరిజనుడే. మనకి ఇది చోద్యం. చట్టానికి అలా కాదు. 1950 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక మనిషి పేరు ఒకటి కంటే ఎక్కువ నియోజకవర్గాల జాబితాలో ఉండకూడదు. తప్పుడు డిక్లరేషన్ ఇస్తే శిక్ష కూడా ఉంది. రెండు ప్రభుత్వాలు వాళ్ళంతట వాళ్ళే వచ్చి పేరు రాసుకున్నాయి, చట్టం దృష్టిలో ఇబ్బంది మాత్రం ఓటరుది.

ఇక డేటాబేస్ దగ్గరికి వచ్చేద్దాం. నేను వీడియోలు మొదలుపెట్టకముందు కొన్నాళ్ళు చేసిన పని ఇదే, డూప్లికేట్ రికార్డులు ఏరడం. ఒకే కస్టమర్ రెండుసార్లు ఉంటే ఒకటి ఉంచి ఒకటి తీసెయ్యాలి. ఏది ఉంచాలి? దానికో రూల్ రాస్తాం. కొత్తగా అప్‌డేట్ అయినది ఉంచు, లేదా అన్ని వివరాలూ ఉన్నది ఉంచు. రూల్ రాసేవాడికి ఆ మనిషి ఎవరో తెలీదు, తెలియక్కర్లేదు కూడా.

కాగితం రేషన్ కార్డుల రోజుల్లో కోరాపుట్‌లో కార్డు ఉన్నట్టు సాలూరు ఆఫీసుకి తెలిసే దారి లేదు. ఆ తెలియకపోవడం మీదే ఈ ఊళ్ళు ఇన్నాళ్ళూ బతికాయి. ఆధార్ వచ్చాక మనిషికి నంబరు ఒకటి, దాంట్లో అడ్రసు ఒకటి. అడ్రసులో రాష్ట్రం అనే గడి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ అని ఉండాలి, లేదా ఒడిశా అని ఉండాలి. "వివాదంలో ఉంది" అనే ఆప్షన్ ఆ డ్రాప్‌డౌన్‌లో లేదు. రేషన్ కార్డులన్నీ ఆధార్‌కి కలిపారు, వన్ నేషన్ వన్ రేషన్ కార్డ్ వచ్చింది, ఈ-కేవైసీ వేలిముద్ర తప్పనిసరి అయింది. ఒకే నంబరు రెండు రాష్ట్రాల కార్డుల్లో కనపడితే సిస్టమ్ పట్టేస్తుంది. పథకాల డబ్బు కూడా అంతే. ఆధార్‌తో పంపే డబ్బు చివరగా ఏ బ్యాంకు ఖాతా లింక్ అయిందో దాంట్లోనే పడుతుంది. ఎక్కడి నుంచి ఏం వస్తోందో ఒకే చోట కనపడుతుంది.

పిల్లల చదువు ఇంకా చిక్కు. ఎస్టీ జాబితా రాష్ట్రం రాష్ట్రానికి వేరు. కోదుల పేరు రెండు జాబితాల్లోనూ ఉంది కాబట్టి కొంత నయం. కానీ సర్టిఫికెట్ ఇచ్చేది ఒక రాష్ట్రమే కదా. మన దగ్గర సీట్లకి లోకల్ అనిపించుకోవాలంటే మామూలుగా అర్హత పరీక్షకి ముందు వరుసగా నాలుగేళ్ళు ఇక్కడ చదివుండాలి, లేదా నివాసం రుజువు చూపించాలి. ఊళ్ళో ఒడియా మీడియం స్కూలు దగ్గరని అక్కడ చదివిన పిల్ల, పదో తరగతి అయ్యాక పార్వతీపురం కాలేజీకి వస్తే ఎవరి లెక్క? అన్న తెలుగు మీడియం, చెల్లి ఒడియా మీడియం అయితే ఒకే ఇంట్లో ఇద్దరి దారులు వేరైపోతాయి. ఇంట్లో మాట్లాడేది కువి. అది రెండు స్కూళ్ళ బోర్డు మీదా లేదు.

దీనికి తోడు 2027 జనగణన. రిఫరెన్స్ తేదీ 2027 మార్చి 1. ఈసారి లెక్క మొబైల్ యాప్‌లో. ఒక మనిషిని ఒక్కసారే లెక్కపెట్టాలన్నది జనగణన మొదటి సూత్రం. కొఠియా ఇంటికి ఏ రాష్ట్రం ఎన్యూమరేటరు వచ్చి తలుపు కొడితే, ఆ రాష్ట్రం రేపు దాన్నే సాక్ష్యంగా చూపించుకుంటుంది. ఓటరు జాబితాలో డూప్లికేట్లు ఏరే పని వేరే నడుస్తుంది. ఏరడం తప్పని నేను అనను. ఏరేటప్పుడు ఏ రాష్ట్రం ఉంచాలో ఎవరు చెప్తారన్నదే నా ప్రశ్న. ఆ మనిషిని అడుగుతారా? లేక వేలిముద్ర ముందు ఎక్కడ పడితే అక్కడే ఖాయం చేస్తారా?

"ఊళ్ళో ఓటింగ్ పెట్టి తేల్చేస్తే పోలా" అని నన్ను చాలామంది అడిగారు. మన రాజ్యాంగంలో సరిహద్దుకి అలాంటి దారి రాసి లేదు. పార్లమెంటు చట్టం చేయాలి, అంతకుముందు రాష్ట్రపతి ఆ బిల్లుని సంబంధిత శాసనసభల అభిప్రాయానికి పంపాలి. రెండు సభలూ ఏమంటాయో మీకూ తెలుసు. పైగా పక్కనే పొట్టంగి బాక్సైట్, కాస్త అవతల దామంజోడి దగ్గర నాల్కో గనులు. కొండ అడుగున ఏముందన్న ఆశ ఉన్నంతకాలం ఎవరూ తేలిగ్గా వదలరు.

సరిహద్దు తేలకపోయినా చేయగలిగింది ఒకటుంది. రెండు రాష్ట్రాలూ కూర్చుని, ఈ 21 గ్రామాల వాళ్ళ కార్డుల్ని డూప్లికేట్ కింద కొట్టేయకుండా విడిగా గుర్తుపెట్టుకోవడం. సాఫ్ట్‌వేర్‌లో అదో చిన్న ఫ్లాగ్, ఒక కాలమ్. ఏ స్కూల్లో చదివినా రెండు చోట్లా లోకల్ అనే ఒక జీవో. వీటికి పార్లమెంటు అక్కర్లేదు, సర్వే రాళ్ళూ అక్కర్లేదు. 2021లో వేసిన ఆ కమిటీ చేయదగ్గ పని ఇదేనని నా అభిప్రాయం. అది చేయకపోతే ఏదో ఒక నెల మొదటివారంలో రేషన్ డిపో దగ్గర మెషిన్ మీద వేలు పెట్టిన ముసలమ్మకి "మీ కార్డు క్యాన్సిల్ అయింది" అని వస్తుంది. ఎందుకని డీలర్ని అడిగితే, అతనికీ తెలీదు.

చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. వానాకాలం తర్వాత, అక్టోబరు నుంచి జనవరి మధ్య వెళ్ళండి, సాలూరులో జీపు మాట్లాడుకోండి. డ్రోన్ ఎగరేయకండి, రెండు వైపుల పోలీసులకీ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. వచ్చే ఎపిసోడ్ సీలేరు నుంచి. ఆ ఏటి కరెంటు ఎవరి వాటా ఎంత, లెక్క ఎలా కట్టారో చూద్దాం. ఉంటానండి.